మీ ప్రశ్నలు, మా జవాబులు: సరిహద్దు దాటి వచ్చినవారు

ఈ శీర్షికకు ప్రతి నెలా నానా రకాల ప్రశ్నలు కలగాపులగంగా వస్తుంటాయి. అయితే పోయిన సంచికలో సూళ్లూరుపేట నుంచి చెన్నైకి రోజూ రైల్లో వెళ్లివచ్చేవారి గురించి రాస్తూ, దారిలో తమిళనాడు గుమ్మిడిపూండిలోని శ్రీలంక తమిళ శరణార్థుల శిబిరాన్ని ఒక్క వాక్యంలో ప్రస్తావించినందుకు, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆ వాక్యాన్నే పట్టుకున్నాయి. అందుకని ఈసారి పేజీ మొత్తం ఆ ఒక్క విషయానికే కేటాయించాము. పింఛన్ల గురించీ, పట్టాదారు పాసుపుస్తకాల గురించీ అడిగినవారు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలని మనవి.

ప్రశ్న: మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లవాడు ‘కాందిశీకుడు అంటే ఏమిటి సార్’ అని అడిగితే, శరణార్థి అని చెప్పి గట్టెక్కాను. రెండూ ఒకటేనా? పొట్టకూటికి బెంగళూరు పోయే మనవాళ్లను కూడా ఈ మాటతో పిలవవచ్చా? (తెలుగు ఉపాధ్యాయుడు, చిత్తూరు)

మీరు చెప్పిన అర్థం తప్పు కాదు, నిఘంటువులు కూడా అంతే చెబుతాయి. కాని ఆ మాట లోపల ఒక దృశ్యం దాగి ఉంది. ‘కాం దిశం’, అంటే ‘ఏ దిక్కుకు పోవాలి’ అనుకుంటూ పరుగెత్తేవాడు కాందిశీకుడు. అమరకోశం ‘కాందిశీకో భయద్రుతః’ అంటూ, భయంతో పరుగు తీసినవాడని అతన్ని చెప్పింది. శరణార్థి అన్న మాటకు వచ్చేసరికి ఆ మనిషి ఒకరి గుమ్మం ముందు నిలబడి, లోపలికి రానివ్వమని అడుగుతున్నాడు. దారిలో ఉన్నంతసేపు ఒక పేరు, గుమ్మం చేరాక ఇంకొక పేరు అని చెబితే మీ తొమ్మిదో తరగతివాడికి ఇట్టే పట్టుబడుతుంది.

తెలుగువారికి ఈ మాట బర్మా వల్ల బాగా తెలిసివచ్చింది. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేసిన తరువాత, అక్కడ స్థిరపడిన భారతీయులు లక్షల సంఖ్యలో అడవులూ కొండలూ దాటుకుంటూ కాలినడకన ఇటు బయలుదేరారు. ఆకలికీ మలేరియాకీ కలరాకీ దారిలోనే వేల మంది రాలిపోయారు. ఆ నడిచినవారిలో కోస్తా జిల్లాల నుంచి కూలిపనికి వెళ్లిన తెలుగువారు చాలామంది ఉన్నారు. 1960లలో బర్మా సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేసినప్పుడు మరో విడత జనం తిరిగి వచ్చారు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ నిలిచి ఉండడానికి ఈ రాకలే కారణం.

ఇక బెంగళూరు సంగతి. గంగజాతరకు బస్సెక్కి ఇంటికి రాగలవాడు వలస వెళ్లినవాడు. అతని కష్టం చిన్నదని నేను అనను, కాని అతని వెనక దారి తెరిచే ఉంది. అంతర్జాతీయ చట్టం ఈ తేడాను ఇంకా సన్నగా కోసింది. జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం అనే అయిదు కారణాల్లో ఏదో ఒకదాని వల్ల తనను వేధిస్తారన్న సహేతుకమైన భయంతో దేశం దాటినవాడే శరణార్థి అని 1951 నాటి ఒప్పందం నిర్వచించింది. ఆ అయిదింటిలో యుద్ధం లేదన్నది మీరు గమనించే ఉంటారు. ఇంటి మీద గుండు పడిందని పారిపోయినవాడు ఆ నిర్వచనంలో ఇమడవచ్చు, ఇమడకపోనూవచ్చు. ఈ లోటు చూసే ఆఫ్రికా దేశాలు 1969లో తమ సొంత ఒప్పందం రాసుకున్నాయి, లాటిన్ అమెరికా దేశాలు 1984లో కార్టహేనా ప్రకటన చేసుకున్నాయి. ఆ రెండు చోట్లా యుద్ధం నుంచీ అల్లకల్లోలం నుంచీ పారిపోయినవారిని కూడా శరణార్థులుగానే లెక్కిస్తారు.

ప్రశ్న: 1971లో నేను తపాలా శాఖలో కొత్తగా చేరాను. బంగ్లాదేశ్ శరణార్థుల కోసమని ప్రతి కవరుకూ అయిదు పైసల బిళ్ల అదనంగా అంటించాలని ఉత్తర్వు వచ్చింది. కోటి మంది వచ్చారని అప్పట్లో చెప్పుకొనేవారు. ఆ లెక్క నిజమా, పత్రికల వాళ్లు పెంచి రాసిందా? (విశ్రాంత తపాలా ఉద్యోగి, తిరుపతి)

అయ్యా, మీ ఉత్తరం చదివిన వెంటనే మా ఇంట్లో పాత ట్రంకుపెట్టె తెరిచాను. 1972లో మా నాన్నగారికి వచ్చిన ఒక కవరు మీద మామూలు బిళ్ల పక్కన అయిదు పైసల కుటుంబ నియంత్రణ బిళ్ల ఉంది, దాని మీద ‘రెఫ్యూజీ రిలీఫ్’ అని అడ్డంగా ముద్ర కొట్టి ఉంది. చిన్న కుటుంబం చింతలేని కుటుంబమని ప్రచారం చేయడానికి వేసిన బిళ్ల మీద, కోటి మంది అతిథుల ఖర్చు అచ్చు వేయవలసి వచ్చింది. కొత్త బిళ్లలు అచ్చయ్యేదాకా ఉన్న బిళ్లల మీదే ముద్ర కొట్టి నడిపించారని మీకు నేను చెప్పనక్కరలేదు. 1971 నవంబరు 15న మొదలైన ఆ సుంకం 1973 మార్చి నెలాఖరు దాకా సాగింది.

లెక్క నిజమే. ఆ ఏడాది మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం దాడి మొదలుపెట్టింది మొదలు డిసెంబరు దాకా నమోదైనవారు 98,99,305 మంది. ఇందులో ఒక్క పశ్చిమ బెంగాల్‌కు వచ్చినవారే దాదాపు 75 లక్షలు. కాని నన్ను అడిగితే ఆ పెద్ద అంకె కంటే త్రిపుర అంకె ఎక్కువ చెబుతుంది. 1971 జనాభా లెక్కల ప్రకారం ఆ రాష్ట్ర జనాభా 15,56,342 కాగా, అక్కడికి చేరిన శరణార్థులు 14,16,491. అంటే ఇంటికి నలుగురుంటే ఇంకో నలుగురు వచ్చి కూర్చున్నట్టు. వారందరినీ శిబిరాలు పట్టలేదు. మొత్తం మీద సుమారు 31 లక్షల మంది బంధువుల ఇళ్లలోనూ తెలిసినవారి పంచల్లోనూ తలదాచుకున్నారు. కలకత్తా సాల్ట్ లేక్ దగ్గర మురుగు కాలువ కోసం తెచ్చి పడేసిన పెద్ద సిమెంటు గొట్టాల్లో సంసారాలు నడిచాయి.

ఇక్కడ కొంచెం ఆగి ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే అది మీ ఇంట్లో కూడా ఉంది. ఆ వానాకాలంలో శిబిరాల్లో కలరా పాకింది. సరిహద్దు పక్కనున్న బన్‌గావ్ ఆసుపత్రికి డాక్టరు దిలీప్ మహలనబిస్ వెళ్లేసరికి రోగులు నేల మీద ఇసుక వేస్తే రాలనంతగా పడి ఉన్నారు, నరానికి ఎక్కించే సెలైను సీసాలు అయిపోతున్నాయి. అప్పుడాయన లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా కలిపి, డ్రమ్ముల్లో పోయించి, రోగి పక్కనున్న తల్లో చెల్లెలో గ్లాసుతో తాగించే పద్ధతి పెట్టారు. నర్సులు చాలని చోట ఇంటివాళ్లే నర్సులయ్యారు. ఇలా నోటితో తాగించి కలరా తగ్గించవచ్చని అప్పటికి వైద్యలోకం పూర్తిగా నమ్మలేదు, ఆసుపత్రి బయట అయితే అసలే నమ్మలేదు. ఆ శిబిరంలో వంద మంది రోగుల్లో ముప్పై మంది దాకా పోతున్న చోట, మరణాలు నాలుగుకు లోపు పడిపోయాయి. పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే మందుల షాపులో కొని తెచ్చే ఓ.ఆర్.ఎస్. పొట్లం పెద్దయెత్తున పరీక్షకు నిలిచింది ఆ శరణార్థుల మధ్యనే. మహలనబిస్ 2022లో కన్నుమూశారు, మరుసటి ఏడాది ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది.

డిసెంబరు 16న యుద్ధం ముగిశాక కొద్ది నెలల్లోనే అత్యధికులు తిరిగి వెళ్లిపోయారు. ఇంత త్వరగా ఇంతమంది ఇంటికి చేరడం శరణార్థుల చరిత్రలో చాలా అరుదు. అందుకే 1971ని కొలబద్దగా పెట్టుకొని మిగతావారిని ‘ఇంకా ఎందుకు పోలేదు’ అని అడగడం న్యాయం కాదనిపిస్తుంది. అక్కడ పారిపోవడానికి కారణమైన ప్రభుత్వమే పోయింది. తక్కిన చోట్ల ఆ అదృష్టం ఎవరికీ పట్టలేదు.

ప్రశ్న: మా అబ్బాయి ఉక్రెయిన్‌లో ఎం.బి.బి.ఎస్. చదువుతూ 2022లో రొమేనియా సరిహద్దు దాకా నడిచి, దాటి, ఇంటికి వచ్చాడు. బంధువులు ఇప్పటికీ ‘శరణార్థి డాక్టరు’ అని ఏడిపిస్తున్నారు. అలా అనవచ్చా? (ఒక తల్లి, కుప్పం)

అనకూడదమ్మా, అది సరదాకైనా తప్పు మాట. మీ అబ్బాయి జేబులో భారత పాస్‌పోర్టు ఉంది, బుకారెస్టులో మన విమానం ఎదురు చూస్తూ ఉంది, కుప్పంలో మీరు అన్నం వండి కూర్చున్నారు. అతనితో పాటు అదే వరుసలో నిలబడిన ఉక్రెయిన్ తల్లులకు వెనక ఇల్లు లేదు, ముందు ఏముందో తెలియదు. పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ల లోపు మగవారిని చాలావరకు దేశం దాటనివ్వలేదు కాబట్టి భర్తలూ లేరు. వారి కోసం ఐరోపా సమాఖ్య 2001లో రాసి పెట్టుకొని ఎన్నడూ వాడని తాత్కాలిక రక్షణ నిబంధనను 2022 మార్చి 4న మొదటిసారి అమలులోకి తెచ్చింది. ఒక్కొక్కరి దరఖాస్తునూ విడివిడిగా విచారించకుండా నివాసం, ఉద్యోగం, బడి, వైద్యం అన్నింటికీ హక్కు ఇచ్చింది. యుద్ధం మొదలై అప్పటికి పది రోజులు కూడా కాలేదు. తలచుకుంటే కాగితం ఎంత తొందరగా ఇవ్వవచ్చో అప్పుడు తెలిసింది.

ప్రశ్న: మా వీధిలోనే రేషను కార్డు రాని ముసలమ్మ ఒకామె ఉంది. మన ఇంట్లోనే ఇంతమంది లేనివాళ్లుండగా పక్క దేశాల వాళ్లందరినీ మనం ఎందుకు మోయాలి? సరిహద్దులు మూసేస్తే సరిపోదా? (గృహిణి, శ్రీకాళహస్తి)

మీది లెక్క తెలిసిన ఇల్లాలు అడిగే ప్రశ్న, దానికి కోపగించుకునేవారు జవాబు తెలియనివారు. ముందు మూయడం గురించి చెబుతాను. మిజోరానికీ మయన్మార్‌కూ మధ్య కొంత దూరం తియావు అనే చిన్న నదే సరిహద్దు. ఎండాకాలంలో మోకాలి లోతున దాటేయవచ్చు. 2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కున్న తరువాత, చిన్ రాష్ట్రంలో కాల్పులూ బాంబులూ మొదలై, జనం ఆ నది దాటి జోఖావ్‌థర్ వంటి ఊళ్లలోకి వచ్చారు. చిన్‌లూ మిజోలూ ఒకే తెగ మూలం నుంచి వచ్చినవారు, మాట దగ్గరిది, చర్చి ఒకటే, నది రెండు గట్లకూ పెళ్లి సంబంధాలు ఉన్నాయి. ఆ మార్చిలో కేంద్ర హోం శాఖ, విదేశీయులెవరికీ శరణార్థి హోదా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు లేదని, వచ్చినవారిని అడ్డుకోవాలని నాలుగు ఈశాన్య రాష్ట్రాలకు లేఖ రాసింది. వారిని చూసి మిజోరం మొహం తిప్పుకోజాలదని, అప్పటి ముఖ్యమంత్రి జోరంతంగా ప్రధానికి ఉత్తరం రాశారు. ఊరి సంఘాలూ చర్చిలూ బియ్యం, కట్టెలు, దుప్పట్లు పోగుచేశాయి. అత్తవారింటి ఆడపడుచు చంటిబిడ్డతో గట్టు మీద నిలబడితే ఢిల్లీ ఉత్తరం చదివి తలుపు వేసుకునే ఊరు ఎక్కడా ఉండదు, మన వైపూ ఉండదు.

మనమే మోస్తున్నామన్న మాట కూడా సరిచూసుకోవాలి. 2024 ముగిసేనాటికి ప్రపంచంలో శరణార్థులు 4 కోట్ల 27 లక్షల మంది ఉన్నారని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క చెప్పింది. వారిలో వందకు 67 మంది పక్క దేశంలోనే ఆగిపోయారు. వందకు 73 మందిని పేద, మధ్యాదాయ దేశాలే ఉంచుకున్నాయి. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో రెండు సైనిక వర్గాలు కొట్టుకోవడం మొదలయ్యాక, పశ్చిమ డార్‌ఫుర్ నుంచి లక్షల మంది కాలినడకనా గాడిద బండ్ల మీదా వెళ్లి చేరింది చాద్ దేశపు ఆద్రే అన్న ఊరికి. చాద్ ప్రపంచంలోని అతి పేద దేశాల్లో ఒకటి. 2017 ఆగస్టు 25 తరువాత కొద్ది నెలల్లో మయన్మార్‌లోని రొహింగ్యా ముస్లిములు ఏడు లక్షలకు పైగా నాఫ్ నది దాటి బంగ్లాదేశ్ కాక్స్ బజారుకు వచ్చారు. అక్కడి కుతుపలాంగ్ ఇప్పుడు ప్రపంచంలోనే అతి పెద్ద శరణార్థి నివాసం.

ఆతిథ్యమిచ్చిన ఊరికి నష్టం ఉండదని మాత్రం నేను చెప్పను. కాక్స్ బజారు కొండల మీది అడవి మొదటి ఏడాదిలోనే పొయ్యికట్టెలకు కరిగిపోయింది, ఆ తరువాత గ్యాసు సిలిండర్లు పంచవలసి వచ్చింది. ఉఖియా, టెక్నాఫ్ ప్రాంతాల స్థానికులు తమ ఊళ్లో తామే తక్కువ సంఖ్యలో పడ్డారు, వారి దినకూలి తగ్గింది. వారి గొణుగుడు వినకుండా శరణార్థుల మీద జాలి కురిపించే దూరపు పెద్దమనుషులంటే నాకు పెద్ద గౌరవం లేదు.

మీ వీధి ముసలమ్మ సంగతి మాత్రం వేరు. ఆమె బియ్యం ఏ శరణార్థీ తినలేదు, ఆమె అర్జీ ఏదో ఒక బల్ల మీద ఆగిపోయింది. ఆమెకు వేలిముద్ర పడలేదో, చిరునామా కలవలేదో కనుక్కొని ఎవరినైనా తోడిచ్చి పంపండి. కడుపుకు ముందు కాగితం చూసే లోకంలో ఆమె కష్టం కూడా ఆ నది దాటినవారి కష్టం వంటిదే.

ప్రశ్న: శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలేదని చదివాను. అలాగైతే మన చట్టం దృష్టిలో వీళ్లెవరు? (డిగ్రీ విద్యార్థి, పలమనేరు)

విదేశీయులు, అంతే. 1951 ఒప్పందం మీదా, దాని 1967 అనుబంధం మీదా మనం సంతకం చేయలేదు. శరణార్థుల కోసం విడిగా చట్టమూ లేదు, అటువంటి ప్రైవేటు బిల్లులు పార్లమెంటుకు వచ్చినా చట్టం కాలేదు. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త వలస, విదేశీయుల చట్టం అమలవుతోంది. వీసా లేకుండా వచ్చినవాడు పర్యాటకుడైనా, బాంబుల నుంచి పారిపోయినవాడైనా మొదట పడేది ఆ ఒక్క చట్రంలోనే. ఆ తరువాత ప్రభుత్వం ఎవరికి ఏ మినహాయింపు ఇస్తే అదే వారి హోదా.

అందువల్ల ఒకే భయంతో వచ్చినవారికి రకరకాల కాగితాలున్నాయి. 1959 నుంచి వచ్చిన టిబెటన్లకు మైసూరు దగ్గరి బైలకుప్పె వంటి చోట్ల భూములూ రిజిస్ట్రేషను పత్రాలూ దక్కాయి. శ్రీలంక తమిళులను తమిళనాడు శిబిరాల్లో పెట్టి నెలనెలా భృతి ఇస్తున్నారు. అఫ్ఘానులకూ మయన్మార్ నుంచి వచ్చినవారికీ ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఢిల్లీ కార్యాలయం కార్డు ఇస్తుంది, కాని హైదరాబాదు బాలాపూర్‌లో ఉంటున్న రొహింగ్యాలను అడిగితే ఆ కార్డు ఏ పోలీసు దగ్గర ఎంతవరకు చెల్లుతుందో చెబుతారు. 2019 పౌరసత్వ సవరణ చట్టం పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్తాన్‌ల నుంచి 2014 డిసెంబరు 31 లోపు వచ్చిన ఆరు మతాలవారికి దారి తెరిచింది. ఆ జాబితాలో ముస్లిములు లేరు, ఆ దేశాల్లో శ్రీలంక లేదు, మయన్మార్ లేదు.

న్యాయస్థానాల మాట కూడా రెండు వైపులా ఉంది. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి అరుణాచల్‌లో స్థిరపడిన చక్మాల కేసులో 1996లో సుప్రీంకోర్టు, ప్రాణరక్షణ హక్కు పౌరులకే కాక ఈ నేల మీదున్న ప్రతి మనిషికీ ఉందని చెప్పింది. రొహింగ్యాలను పంపివేయకుండా ఆపమన్నప్పుడు 2021లో అదే కోర్టు నిరాకరించింది. నా అభిప్రాయం అడిగితే, కొందరికి ‘లేదు’ అని చెప్పే చట్టమైనా సరే, అసలు చట్టం లేకపోవడం కంటే మేలు. ‘లేదు’ అన్న మాట మీద అప్పీలుకు పోవచ్చు, చెప్పని మాట మీద ఎక్కడికీ పోలేము.

ప్రశ్న: నేను రోజూ చెన్నైకి రైల్లో కాలేజీకి వెళ్తాను. గుమ్మిడిపూండిలో ఎక్కే ఒక అమ్మాయి నా క్లాసుమేటు. ఆమె అమ్మమ్మ 1990లో పడవలో వచ్చిందట. తనూ తన తల్లీ ఇద్దరూ ఇక్కడే పుట్టారట. అయినా పాస్‌పోర్టు రాదంటోంది. ఇక్కడ పుట్టి, ఇక్కడ చదివే పిల్ల ఏ దేశపు మనిషి? (విద్యార్థిని, సూళ్లూరుపేట)

ఈ నెల ఉత్తరాలన్నింటిలోకీ నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది నీ ఉత్తరమే, తల్లీ.

మొదట ఆ అమ్మమ్మ ప్రయాణం సంగతి. 1983 జూలైలో కొలంబోలోనూ ఇతర చోట్లా తమిళుల ఇళ్లూ దుకాణాలూ తగలబెట్టి మనుషులను చంపిన తరువాత, తలైమన్నారు నుంచి మన ధనుష్కోటి వైపు పడవలు మొదలయ్యాయి. మధ్యలో సముద్రం సుమారు 30 కిలోమీటర్లే. గస్తీ ఓడల భయానికి పడవవాళ్లు చాలాసార్లు తీరం దాకా రాకుండా, రామసేతువులోని ఇసుక దిబ్బల మీద జనాన్ని దింపి వెనక్కి పోయేవారు. నీళ్లూ నీడా లేని ఆ దిబ్బ మీద పిల్లలతో కూర్చొని, ఏ జాలరి పడవో వస్తుందని ఎదురు చూడాలి. 1987 భారత్-శ్రీలంక ఒప్పందం తరువాత కొందరు తిరిగి వెళ్లారు. 1990 జూన్‌లో శ్రీలంక సైన్యానికీ తమిళ పులులకూ మధ్య యుద్ధం మళ్లీ రాజుకున్నప్పుడు పెద్ద విడత వచ్చింది. మీ స్నేహితురాలి అమ్మమ్మ ఆ విడతలోని మనిషి. రామేశ్వరం దగ్గరి మండపం అనే ఊళ్లో పేర్లు రాసుకొని, అక్కడి నుంచి రాష్ట్రమంతటా ఉన్న శిబిరాలకు పంపేవారు. గుమ్మిడిపూండి అలా వచ్చిన శిబిరాల్లో ఒకటి. 1991 మేలో శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగిన తరువాత ఈ సామాన్య జనం మీద కూడా అనుమానం ముసురుకుంది, నిఘా బిగిసింది. 2009 మేలో యుద్ధం ముగిసినా, ఇప్పటికీ తమిళనాడు శిబిరాల్లో 50 వేలకు పైగా ఉన్నారు.

ఇక చట్టం. భారతదేశంలో పుట్టినంత మాత్రాన పౌరసత్వం వచ్చే రోజులు 1987 జూలై 1తో అయిపోయాయి. ఆ తేదీ నుంచి పుట్టినవారికి తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి పుట్టినవారికైతే, ఒకరు పౌరులై ఉండడమే కాక రెండోవారు అక్రమంగా వచ్చినవారు కాకుండా ఉండాలి. పాస్‌పోర్టు లేకుండా ప్రవేశించిన ఇటువంటివారందరూ చట్టం మాటల్లో అక్రమ వలసదారులే. ఆ ముద్ర ఉన్నంతకాలం, ఇక్కడ ఎన్నేళ్లు నివసించినా దరఖాస్తు ద్వారా పౌరసత్వం పొందే దారి కూడా మూసుకుపోతుంది. అర్ధరాత్రి ఇసుక దిబ్బ మీద దిగిన మనిషి దగ్గర వీసా ఎక్కడి నుంచి వస్తుందని ఆ సెక్షను అడగదు. 1987 జూలైకి ముందు శిబిరంలో పుట్టిన ఒక మహిళ కోర్టుకు వెళ్లి పాస్‌పోర్టు సాధించుకొని, 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఓటు వేసింది. నీ స్నేహితురాలి తల్లి 1990 తరువాత పుట్టింది కాబట్టి ఆ దారి ఆమెకు లేదు, కూతురికి అసలే లేదు. శ్రీలంక మాత్రం ఇలా పుట్టిన పిల్లలను తన పౌరులుగా నమోదు చేసుకుంటుంది. చెన్నైలోని ఆ దేశపు డిప్యూటీ హైకమిషను కార్యాలయంలో జనన నమోదు చేయించుకుంటే పత్రం దొరుకుతుంది. తిరిగి వెళ్లినా వెళ్లకపోయినా ఆ పత్రం చేతిలో ఉండడం మంచిదని ఆ అమ్మాయికి చెప్పు.

శిబిరాల్లో మరొక చిక్కు కూడా ఉంది. అక్కడున్నవారిలో కొంతమంది తేయాకు తోటల తమిళులు. బ్రిటిషువారి కాలంలో వారి తాతలు తమిళ జిల్లాల నుంచే కొండల్లోని తోటలకు కూలికి వెళ్లారు. 1948లో సిలోను చేసిన పౌరసత్వ చట్టం వారిలో అత్యధికులను ఏ దేశానికీ చెందని మనుషులుగా మిగిల్చింది. 1964లో రెండు దేశాల ప్రధానులు లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారునాయకె కూర్చొని, అయిదు లక్షల పాతిక వేల మందిని మనం తీసుకునేట్టు, మూడు లక్షల మందిని వారు ఉంచుకునేట్టు పంపకం చేసుకున్నారు. పొలం గట్టు పంచుకున్నట్టు మనుషులను పంచుకున్నారు. ఆ పంపకంలో ఇటు రావలసినవారు కొందరు రాకముందే యుద్ధం వచ్చింది. వారు పడవలో వచ్చేసరికి, రావలసిన మనవాళ్లు కాస్తా వచ్చిన శరణార్థులయ్యారు.

కొన్నేళ్ల క్రితం తడలో మా బంధువుల ఇంటికి సున్నాలూ రంగులూ వేయడానికి ఆ శిబిరం నుంచి ముగ్గురు వచ్చారు. ఆ శిబిరాల మగవారిలో పెయింటు పని చేసేవారు చాలామంది. వారిలో పెద్దాయన మన్నారు తమిళంలో తెలుగు కలిపి మాట్లాడుతూ, గోడకు లప్పం పెట్టి గరుకు కాగితంతో రుద్దడంలో మంచి పనివాడనిపించాడు. మూడో రోజు మధ్యాహ్నం పని సగంలో వదిలి, మర్నాడు శిబిరంలో హాజరు తీసుకునే రోజు అని చెప్పి వెళ్లిపోయాడు. వెళ్లేముందు చొక్కా జేబులోంచి పాలిథిన్ కవరులో చుట్టిన కుటుంబ కార్డు తీసి చూపించాడు. నాలుగు పేర్లలో ఒకటి ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది, అది ఆయన భార్యది. హాజరుకు రాకపోతే మిగిలిన పేర్లు కూడా ఇలాగే కొట్టేస్తారని నవ్వాడు. ఆ కార్డు మడతల దగ్గర చిరిగి, లోపల నుంచి టేపు అంటించి ఉంది. ముప్పై ఏళ్లు బియ్యం తెచ్చిన కాగితం అది, అయినా ఆయన్ను ఈ దేశంలో ఏమనాలో చెప్పని కాగితం.

కొంత మార్పు రాకపోలేదు. తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టులో శరణార్థి శిబిరం అన్న పేరు తీసేసి పునరావాస శిబిరం అని పెట్టింది, సుమారు 317 కోట్లతో కొత్త ఇళ్లు, చదువుల సాయం ప్రకటించింది. 2025 సెప్టెంబరులో కేంద్రం, 2015 జనవరి 9 లోపు వచ్చి నమోదైన శ్రీలంక తమిళులను పాస్‌పోర్టు, వీసా లేవన్న నేరం నుంచి మినహాయించింది. దానితో జైలు భయం తీరింది, పౌరసత్వం మాత్రం రాలేదు. కాబట్టి నువ్వడిగిన ప్రశ్నకు చట్టం ఇచ్చే జవాబు ‘శ్రీలంక మనిషి’ అని. ఆ అమ్మాయి శ్రీలంకను ఎప్పుడూ చూడలేదు కదా అంటే, చట్టం దగ్గర ఇంకో జవాబు లేదు.

ప్రశ్న: మాకు మరమగ్గాలు ఉన్నాయి. గుమ్మిడిపూండి శిబిరానికి ఒక వంద చీరలు పంపాలని అనుకుంటున్నాము. ఎవరికి ఇవ్వాలి? (నేత కుటుంబం, పుత్తూరు)

అనుమతి లేకుండా బయటివారిని శిబిరంలోకి రానివ్వరు కాబట్టి, అక్కడి రెవెన్యూ అధికారికి ముందుగా ఒక అర్జీ రాసి, తేదీ తీసుకొని వెళ్లండి. వాట్సాప్‌లో వచ్చే ఖాతా నంబర్లకు ఎవరికీ డబ్బు పంపకండి. చీరలు అన్నీ ఒకే రంగువి కట్టవద్దు, శిబిరమంతా ఒకే చీరలో కనబడితే మీ దానం తప్ప మనుషులు కనబడరు. జాకెట్లు కుట్టించి ఇద్దామని మీ ఉత్తరంలో రాశారు, అది మానుకొని గుడ్డ మాత్రం ఇచ్చి కుట్టుకూలి విడిగా లెక్కకట్టండి. మిషను తొక్కేవాళ్లు ఆ వరుస ఇళ్లలోనే ఉంటారు, పుత్తూరులో ఏ కూలి నడుస్తుందో అదే కూలి వాళ్లకూ ఇవ్వండి.